ముప్పై గుంటలు

"ఎకరానికి ఎంత మిగుల్తది పెద్దమ్మా?"

రాఖీ పండుగకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా మరిది కొడుకు అన్నానికి కూర్చుంటూనే అడిగాడు. వాణ్ని తప్పుపట్టను. బ్యాంకోళ్లు అడిగేది అదే, ఊర్లో మీటింగు పెట్టిన సార్లు అడిగేది అదే. ఫోన్‌లో "ఎకరంలో పది లక్షలు" అనే వీడియోలు చూసిన పిల్లలు అడిగేదీ అదే. నాకే జవాబు తోచలేదు. పుంటికూర పప్పు వడ్డిస్తూ, "మనకు కూరగాయలు ఎకరం యాడున్నయి బిడ్డా, ముప్పై గుంటలే" అన్నాను. నలభై గుంటలైతే ఎకరం.

"అదే కద సమస్య" అని నవ్వాడు. వ్యవసాయ డిగ్రీ చదివి విత్తనాల కంపెనీలో పనిచేస్తున్నాడు. చిన్నగా చేస్తే గిట్టదు, కనీసం రెండెకరాలు పెట్టాలి, మల్చింగ్ షీటు వెయ్యాలి, కర్రలు పాతి తీగ కట్టాలి, లోడుకు లోడు మార్కెట్‌కు పోవాలి అని పప్పు అయిపోయేదాకా చెప్పాడు. విన్నాను. ఆ పూట వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కూరగాయల తోటను ఎకరాల్లో కొలవడం దగ్గరే లెక్క తప్పుతోంది. ఇంట్లో ఎన్ని చేతులున్నాయో దాన్ని బట్టి కొలవాలి. మా ఇంటికి ముప్పై గుంటలు సరిపోను. ముప్పై అయిదైతే ఎక్కువ.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు, సాగర్ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. ఎర్ర చెల్క నేల. కాల్వ నీళ్లు లేవు, బోరే దిక్కు. మొత్తం మూడెకరాల పది గుంటలు. రెండెకరాల ఇరవై గుంటల్లో పత్తి, మధ్య మధ్యలో కంది సాళ్లు. బోరు చుట్టూ ఉన్న ముప్పై గుంటల్లో కూరగాయలు. చేసేది నేను, మా ఆయన, డెబ్బై దాటిన మా అత్తమ్మ. అత్తమ్మ చేతులు ఇప్పుడు సగం లెక్కకే వస్తాయి కానీ ఆమె కళ్లు మా ఇద్దరి కళ్లకు సమానం.

బెండకాయ సంగతే తీసుకోండి. మిరుగం (మృగశిర) కార్తె దాటి ఆరుద్రలో విత్తు పెడితే నలభై అయిదు రోజులకు తొలి కోత. అక్కణ్నుంచి రోజు విడిచి రోజు కొయ్యాల్సిందే. పూత విచ్చిన అయిదారు రోజులకు కాయ కోతకొస్తుంది, ఇంకో రోజు ఆగితే నార పడుతుంది. కొనను బొటనవేలితో వంచితే టక్కున విరగాలి. విరగకుండా వంగిందంటే అది బర్రెకే. పది గుంటల బెండ మంచి కాపు మీదున్నప్పుడు ఒక్కో కోతకు యాభై కిలోల దాకా దిగుతుంది. నేను గంటకు ఎనిమిది కిలోలు కోస్తాను, మా ఆయన ఇంకాస్త తక్కువ (ఒప్పుకోడు). పొద్దున అయిదున్నరకు మొదలుపెడితే ఎండెక్కే తొమ్మిదింటికి పది గుంటలు అవుతాయి. పన్నెండు గుంటలైతే కావు. మిగిలిన కాయ చెట్టు మీదే ముదురుతుంది, ముదురు కాయ మోస్తున్న చెట్టు కొత్త పూత తగ్గిస్తుంది. ఆశపడి పెట్టిన ఆ రెండు గుంటలు నాకు ఏమీ ఇవ్వవు, పైగా నడుము తీసుకుంటాయి.

బెండ నూగు సంగతి కోసినోళ్లకే తెలుసు. మంచు ఆరకముందు ఆకు తగిలితే మణికట్టు నుంచి మోచేతి దాకా ఒకటే దురద, గోకితే దద్దుర్లు. అందుకే మా ఆయన పాత ఫుల్ చేతుల చొక్కాలు రెండు బాయికాడ కొట్టంలో మేకుకు వేలాడుతుంటాయి. వాటికి ఎన్నిసార్లు ఉతికినా పోని ఒక ఆకుపచ్చ మరక ఉంటుంది.

పెద్దలు పాడి, పంట అని రెండు మాటలన్నారు. వరీ పత్తీ పంటలు. కూరగాయల తోట నా లెక్కలో పాడి కిందికి వస్తుంది. ఇయ్యాల బర్రె పాలు పిండకుంటే రేపు రెండింతలు రావు, బర్రె పొదుగు పాడవుతుంది. తోటా అంతే. వరికి కోత మిషను వచ్చి గంటలో ఎకరం కోసి ట్రాక్టరులో పోసి పోతుంది, వడ్లు కల్లంలో వారం ఉన్నా వడ్లే. బీరకాయ వారం ఉంటే గిన్నెలు తోముకునే పీచు. కాల్వ కింద ఉన్న ఊర్లల్లో కూరగాయలు మాని వరికి పోయినోళ్లను బద్ధకస్తులని అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు బద్ధకంతో పోలేదు, ఇంట్లో చేతులు తగ్గాయి కాబట్టి పోయారు. పిల్లలు చదువులకు పోయారు, కోడలు పట్నంలో ఉంది, ఇద్దరు ముసలోళ్లు మిగిలారు. ముసలోళ్లు వరి పెట్టగలరు, బెండ పెట్టలేరు.

ఇంకో కొలత కూడా ఉంది మా దగ్గర. కేక.

కోతులు వచ్చిన తర్వాత ఈ ప్రాంతంలో కూరగాయలు వదిలేసిన ఇండ్లు నీళ్లు లేక వదిలేసిన ఇండ్లకు తక్కువేమీ కావు. కోతి తినేది ఒక్క కాయ, కొరికి పారేసేది పది. రాత్రయితే అడవి పందులు, నారు నాటిన వారంలో నెమళ్లు. మా తోట మధ్యలో యాప చెట్టు ఉంది. దాని కింద మంచమేసుకుని అత్తమ్మ కూర్చుంటే నాలుగు మూలలూ కనిపిస్తాయి, ఆమె "హెయ్" అని ఒక్క కేక వేస్తే నాలుగు మూలలకూ వినిపిస్తుంది. డబ్బా కొట్టే పని కూడా ఉండదు. పక్క పత్తి చేను చివరిదాకా ఆ కేక పోదు. రెండెకరాల తోటకు ఇద్దరు కాపలా మనుషులు కావాలి, వాళ్ల కూలి ఏ వీడియోలోనూ లెక్కకు రాదు.

వంకాయ కూడా చిన్న మడినే అడుగుతుంది. కొమ్మ, కాయ తొలిచే పురుగు మొదట లేత కొమ్మలో దూరుతుంది, పొద్దున చూస్తే ఆ కొన తల వాల్చి ఉంటుంది. రోజూ ఒక చుట్టు తిరిగి, వాలిన కొనను వేళ్లతో తుంచి కొంగులో వేసుకుని, పొయ్యిలో కాలిస్తే సగం పురుగు అక్కడే పోతుంది. అయిదు గుంటల వంగకు ఇది పావుగంట పని. అదే ఎకరమైతే ఎవరూ తుంచరు, మందు కొడతారు. మళ్లీ వారానికి మళ్లీ కొడతారు. మా ఇంట్లో తినేది కూడా ఈ మడిలో కాయలే కాబట్టి కొట్టబోయే ముందు చెయ్యి ఆగుతుంది, అది వేరే సంగతి.

కార్తెల ప్రకారం ముప్పై గుంటలూ ఒకేసారి నిండవు, ఒకేసారి ఖాళీ కావు. మిరుగం పడగానే దోస, బీర, గోకర (గోరుచిక్కుడు), ఆనిగెపుకాయ (సొరకాయ). ఆరుద్ర, పునర్వసు నాటికి బెండ, చిక్కుడు. పుష్యమిలో గట్ల మీద బంతి, బతుకమ్మ పండుగ నాటికి విచ్చేలాగ. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు, ఉత్తర కార్తె కూడా ఎండిపోతే ఊరు విడిచి పొమ్మని. పాలమూరు దిక్కు ఆ మాటను అక్షరాలా బతికిన తరాలున్నాయి. బోరు ఉన్నందుకు మేం గంప ఎత్తలేదు. హస్త, చిత్తల్లో టమాట, వంగ, పచ్చిమిర్చి నారు సర్దుకుంటాయి. చలి ముదిరితే పాలకూర, మెంతి, కొత్మీరు ఎంత చల్లితే అంత వస్తాయి, ఎవ్వరూ కొనరు, అందరి ఇండ్లల్లో అదే.

చిక్కుడు దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు తోటలో ఓపిక నేర్పింది అదే. కొత్త కోడలిగా వచ్చిన ఏడు పునర్వసులో విత్తు పెడితే శ్రావణం కల్లా పందిరంతా ఆకు కమ్మేసింది, పూత ఒక్కటి లేదు. ఎరువు ఎక్కువైందేమో, మగ చెట్టేమో అని నేను కంగారు. అత్తమ్మ, "చలి తగలనియ్యే పిల్లా" అన్నది. నిజానికి నాటు చిక్కుడు చూసేది చలిని కాదట, రాత్రి పొడుగును. పగలు తగ్గి రాత్రి పెరిగితే గానీ పూత పట్టదు. జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా పూసేది దీపావళి చుట్టుపక్కలే. ఈ సంగతి మరిది కొడుకు చెబితేనే తెలిసింది నాకు, వాడి చదువును నేనేమీ తీసిపారెయ్యను. సంక్రాంతికి కాపు దండిగా ఉంటుంది, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి చిక్కుడాకు మీద పరమాన్నం పెట్టేది అప్పుడు దొరికేది అదే కాబట్టి. అత్తమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ విత్తనాన్నే ఇప్పటికీ బూడిదలో కలిపి కుండలో దాస్తుంది. ఏడాది పొడుగునా కాసే పొట్టి చిక్కుడు రకాలు మార్కెట్లో ఉన్నాయి. నేనూ ఒకసారి పెట్టాను. కాయ వచ్చింది, రుచి రాలేదు.

మాఘం దాటి ఎండ ముదిరే కొద్దీ తోట చిన్నబోతుంది. ముప్పై అయిదు డిగ్రీలు దాటితే టమాట పూత నిలవదు, రాలిపోతుంది. మే నెలలో మా అంగడిలో (సంతలో) కూడా మదనపల్లి టమాటే, అది ఎత్తు మీది ఊరు, అక్కడ అంత సెగ ఉండదు. రోహిణి ఎండలకు రోళ్లు పగుల్తయంటారు, అప్పుడు నాకు మిగిలేది నాలుగు సాళ్ల గోకర, బోరు కాల్వ పక్కన దానంతట అది మొలిచే గంగవాయిలికూర. మిగతా నేలలో గొర్ల మంద పెట్టిస్తాం. మూడు రాత్రులు మంద పడుకుంటే ఆ వాసన మిరుగం వానకు లేచినప్పుడు, అది నాకు అత్తరు. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువులో పూడిక తీసినప్పుడు పద్నాలుగు ట్రాక్టర్ల నల్లమట్టి తోలించాం. చెల్కలో ఆ మట్టి కలిసిన జాగ ఇప్పటికీ నీళ్లు ఒక రోజు ఎక్కువ పట్టుకుంటుంది, అడుగు పెడితే తెలుస్తుంది.

ఇంత తెలిసినదాన్ని నేనే ఒక ఏడు తప్పు చేశాను. 2023.

ఆ ఏడు మిరుగం ఎండిపోయింది. రుతుపవనాలు మన దగ్గరికి జూన్ మూడో వారం దాటితే గానీ రాలేదు. పత్తి సగం కూడా పెట్టలేదు. జులైలో హైదరాబాద్‌లో కిలో టమాట వంద దాటింది, నూటయాభై దాటింది. టీవీలో అదే, ఫోన్‌లో అదే. మా ఆయన, "పత్తి పెట్టని జాగల టమాట పెడ్దామా" అంటే వద్దనాల్సిన నేనే ముందు తల ఊపాను. డ్రిప్పు పైపులకు అప్పు తెచ్చాం, నర్సరీలో నారు మామూలు రేటుకు రెండింతలు పెట్టి కొన్నాం. ఎకరంనర. జులై నడిమిలో నాటు. గట్టు పొడుగునా రెండు సాళ్లు బంతి కూడా పెట్టాను, కాయ తొలిచే పురుగు తల్లి బంతి పూల మీద గుడ్లు పెడుతుంది, టమాటను కాస్త విడుస్తుందని.

చేను బాగా వచ్చింది. చేను బాగా రావడమే ఆ ఏటి దుఃఖం. నూటయాభై రూపాయల టమాటను టీవీలో మేమొక్కళ్లమే చూడలేదు కదా. సెప్టెంబరులో మా కాయ ఎర్రబడే నాటికి అందరి కాయా ఎర్రబడింది.

సెప్టెంబరు ఆఖరున ఒక రోజు తక్‌పట్టీ (మార్కెట్లో ఇచ్చే అమ్మకం చీటీ) నా దగ్గర ఇంకా ఉంది, బియ్యం డబ్బా మూత కింద. పంపింది 43 బాక్సులు. తరుగు కింద ఒకటి కొట్టేసి 42కు రాశారు. ఇరవై అయిదు కిలోల బాక్సు 110 రూపాయలు, మొత్తం 4620. కమీషను 462. హమాలి బాక్సుకు అయిదు చొప్పున 210. ఆటో ట్రాలీ కిరాయి 1470. ముందు రోజు కాయ తెంపిన ఆరుగురు కైకిలోల్లకు (కూలీలకు) తలా 400, అంటే 2400. మిగిలింది 78 రూపాయలు. నీళ్లు, నారు, మందు, పైపుల అప్పు, నా కష్టం, మా ఆయన రాత్రంతా మార్కెట్లో బాక్సుల మీద పడుకున్నది, అన్నీ ఆ 78లోనే. ఆయన ఆ డబ్బులతో ఇంటికి చాయపత్తి తెచ్చాడు.

అదే వారం నేను రెండు బాక్సులు అంగడికి తీసుకుపోయాను. కిలో పన్నెండు, పొద్దువాలితే పది. సాయంత్రానికి అయిదొందల చిల్లర కొంగులో ఉంది. ఇంట్లో కూర్చుని చూసుకుంటే అర్థమైంది. నలభై మూడు బాక్సులు నాకు 78 ఇచ్చాయి, రెండు బాక్సులు అయిదొందలిచ్చాయి. మరి అన్నీ అంగడికే తీసుకుపోవచ్చు కదా అంటారు. అంగడి రెండు బాక్సులే మింగగలదు. మూడో బాక్సు తెరిస్తే మొదటి బాక్సు రేటు పడిపోతుంది, ఎందుకంటే నా పక్కన కూర్చున్న నలుగురు కూడా టమాటే తెచ్చారు. అంగడి అడిగేది రెండు బాక్సుల టమాట, ఇరవై కిలోల బెండ, పది కిలోల వంకాయ, ఒక తట్ట బీర, నాలుగు కట్టల పుంటికూర, గుప్పెడు పచ్చిమిర్చి కొసరుకు. ముప్పై గుంటల్లో తొమ్మిది రకాలు పెడితే వచ్చేది సరిగ్గా అంతే.

ఆ తర్వాత రెండు కోతలు కోశాం. మూడో కోతకు కైకిలోల్లు పత్తి ఏరడానికి పోయారు, నేను పిలవలేదు. గొర్లోళ్లను తోలుకోమన్నాం. గట్టు మీది బంతి మాత్రం బతుకమ్మకు, దసరాకు అమ్ముడుపోయింది. ఎకరంనర టమాట కంటే రెండు సాళ్ల బంతి ఎక్కువ మిగిల్చిందని ఇప్పటికీ మా ఆయన పదిమందిలో చెబుతాడు, నవ్వించడానికి. నాకు నవ్వు రాదు.

ఇదంతా విని, అదృష్టం బాగలేదు గానీ పద్ధతి తప్పు కాదు అని మరిది కొడుకు అనొచ్చు. రేటు ఉన్నప్పుడు పెద్దగా పెట్టినోడే బాగుపడతాడు కదా అనొచ్చు. బాగుపడినోళ్లు ఉన్నారు, వాళ్ల వీడియోలే మనం చూసేది. కానీ రేటు చూసి నాటితే మూడు నెలల తర్వాత రేటు మీద పందెం కాసినట్టే. పత్తికి ఆ ఏడు క్వింటాలుకు 7020 మద్దతు ధర ఉండె, దొరికినా దొరక్కపోయినా ఒక అంకె ఉండె. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో కూరగాయ ఒక్కటి లేదు. 2018-19 బడ్జెట్‌లో టమాట, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ కోసం ఆపరేషన్ గ్రీన్స్ అని 500 కోట్లు చెప్పారు. మా అంగడి దాకా అయితే అది రాలేదు. కేరళ మాత్రం 2020 నవంబరు 1 నుంచి 16 రకాలకు కనీస ధర పెట్టింది, ఖర్చు మీద ఇరవై శాతం కలిపి. అలాంటిది ఇక్కడ ఉంటే నేను నా వాదన కొంత మార్చుకుంటాను. అప్పుడు ఎకరం టమాటకు ఒక అర్థం ఉంటుంది. అది లేకుండా చిన్న రైతును పెద్దగా పెట్టమనడం వాడి చేతికి పేకముక్కలివ్వడమే.

నా పద్ధతిలో లోపాలు లేవని చెప్పను. కూరగాయల పైసలు చేతిలో ఆడతాయి, పెద్ద పనికి రావు. ఉప్పు, నూనె, అత్తమ్మ బీపీ గోలీలు, బస్సు కిరాయి, అన్నీ తోటే చూసుకుంటుంది. కానీ మా బిడ్డ ఇంజనీరింగు ఫీజు కట్టింది పత్తి. ఇంకోటి, తోట ఉన్నదానికి సెలవు లేదు. నా చిన్ననాటి స్నేహితురాలి బిడ్డ పెండ్లికి పోలేదు నేను, ఆ రోజు బెండ కోత. మూడేండ్లయింది, ఆమె ఇంకా సరిగ్గా మాట్లాడదు. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రి మోటరు కోసం లేచే బాధ తప్పింది, పొద్దుగాల లేచే బాధ తప్పదు.

ఎకరాల లెక్క పోనంతకాలం మా లాంటోళ్లకు ఏం చెయ్యాలో కూడా ఎవరికీ తోచదు. రైతుబంధు 2018లో మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4000 అన్నారు. సాగు చెయ్యకుండా పడావు పెట్టిన ఎకరానికీ అదే ఇచ్చారు, రోజూ పొద్దున అయిదున్నరకు చేతులు దూలపెట్టించే ఎకరానికీ అదే. నన్నడిగితే అంగడి మీద నాలుగు స్తంభాలు పాతి రేకులు వెయ్యమంటాను. తైబజారు (అంగడి సుంకం) వేలం పాడినోడు గోనెపట్టా పరిచిన ప్రతి ఆడమనిషి దగ్గరా ముప్పై రూపాయలు తీసుకుంటాడు, ఆ ముప్పైకి నీడ లేదు, తాగే నీళ్లు లేవు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా కూర్చునేదానికి మరుగుదొడ్డి లేదు. మధ్యాహ్నం మూడింటికి ఎండకు వాడిన పాలకూర మీద నీళ్లు చల్లుతూ నేను తాగాల్సిన సీసా ఖాళీ చేస్తుంటాను. గ్రీన్‌హౌసులకు ఇచ్చే రాయితీలో ఒక్క ముక్క ఆ రేకులకు వస్తే నా కూర ఇంకో రెండు గంటలు నిలుస్తుంది.

మరునాడు పొద్దున మరిది కొడుకు తనంతట తనే లేచి బాయికాడికి వచ్చాడు. బెండ అప్పుడే రెండో కోత. పొట్టి చేతుల బనీను వేసుకున్నాడు. కొట్టంలో చొక్కా ఉంది వేసుకోరా అంటే, "ఏం గాదు పెద్దమ్మా, నేను కాలేజీల ప్లాట్లల్ల చేసిన" అన్నాడు. మొదటి సాలు హుషారుగానే కోశాడు, కొనలు విరిచి చూపిస్తూ. రెండో సాలు నడిమికి రాగానే గోకడం మొదలైంది. ఆ సాలు చివర నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకెన్ని సాళ్లున్నయి పెద్దమ్మా?"

"ముప్పై తొమ్మిది."

తలెత్తి ఆ చివరిదాకా చూశాడు. యాప చెట్టు కింద అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇందాక చెప్పిన చొక్కా ఎక్కడుందని అడిగాడు.